ఒకటో రకం

డ్రైవరు తుఫాను లారీని వెనక్కి తీస్తున్నాడంటే గోడౌనులో ఉన్న నలుగురు హమాలీలూ గోడకు అతుక్కుపోతారు. ఆ సోమవారం కూడా అతుక్కుపోయారు. గుమాస్తా మాత్రం కదల్లేదు. లోడింగు అరుగు చివర సుద్దముక్క పట్టుకుని, ముప్ఫై ఏళ్ళుగా నిలబడుతున్న చోటే నిలబడ్డాడు. లారీ వెనక చెక్క వచ్చి అరుగుకు ధన్‌మని తగిలింది. స్టాండుకు వాలుగా నిలబెట్టి ఉన్న పన్నెండు అద్దాలూ ఒక్కసారి సన్నగా వణికాయి.

గుమాస్తా సుద్దముక్క జేబులో వేసుకుని అద్దాల దగ్గరికి నడిచాడు. మధ్యవేలు మడిచి ఒక్కోదాన్నీ తట్టుకుంటూ వెళ్ళాడు. బాగున్న అద్దం ఖంగుమంటుంది. దెబ్బతిన్నది మొద్దుగా పలుకుతుంది. ఏడోది మొద్దుగా పలికింది. వంగి చూస్తే కింది మూల నుంచి వెంట్రుకంత గీత పైకి పాకుతోంది.

"ఏంటయ్యా ఇది?"

తుఫాను క్యాబిను నుంచి ఒక్క గెంతులో దిగాడు. నెత్తి మీద కళ్ళజోడు, చెవిలో పాట. "అయ్యో! తగిలిందా? బ్రేకు కొంచెం ఆలస్యంగా పడిందండీ."

"పడాల్సింది బ్రేకు కాదు, నీ వీపు మీద రెండు. తీయండర్రా ఆ ఏడోదాన్ని."

హమాలీలు తోలు గ్లవుజులు తొడుక్కుని ఏడో అద్దాన్ని పక్కకు మోసుకుపోయారు. మిగిలిన పదకొండూ లారీ ఎక్కాయి. ఒక్కో అద్దానికీ మధ్య పాత పేపరు, కింద గడ్డి, అంచుల దగ్గర రబ్బరు ముక్కలు. తాళ్ళు బిగించేటప్పుడు తుఫాను ఫోను చూసుకుంటున్నాడు. తాడు ముడి కూడా గుమాస్తాయే మళ్ళీ విప్పి వేయాల్సి వచ్చింది.

ఇదివరకు ఇలాంటివాడు ఆ గేటు దాటేవాడు కాదు. ఏ లోడుకు ఎవర్ని పిలవాలో గుమాస్తా నాలుక చివర ఉండేది. ఇప్పుడు ఆయన పిలవడు. ఆఫీసు గదిలో యజమాని కూతురు సరుకేమిటో, బరువెంతో, ఏ ఊరికో యాప్‌లో కొడుతుంది. ఎక్కడో దగ్గర్లో ఖాళీగా ఉన్నవాడి ఫోను మోగుతుంది. వాడు వచ్చేస్తాడు. రావడం నిజంగానే త్వరగా వస్తున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. వచ్చేది ఎవరన్నదే ఖర్మ. గుమాస్తాకి మిగిలింది ఒకే ఒక్క అధికారం. సరుకు చేరాక డ్రైవరు పేరు పక్కన చుక్కలు పెట్టాలి. "అది మీరే చెయ్యాలి బాబాయ్, డ్రైవర్ల సంగతి మీకంటే ఎవరికి తెలుసు?" అని ఆ అమ్మాయే ఆయన చేతికి ఒక ఫోను ఇచ్చింది. ఆరు నెలలుగా ఆయన ఆ పని ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు.

లారీ వెళ్ళిపోయాక రిజిస్టరు తెరిచాడు. రిజిస్టరు అవసరం లేదని ఎవరెన్నిసార్లు చెప్పినా ఆయన రాస్తూనే ఉన్నాడు. తేదీ, బండి నంబరు, సరుకు, ఊరు. చివరి గడి పేరు 'రకం'. అద్దానికి రకం వేసినట్టే డ్రైవరుకీ వేస్తాడు. బుడగా గీతా లేని అద్దం ఒకటో రకం. కనిపించీ కనిపించని లోపం ఉంటే రెండు. అలా నాలుగు, ఐదు దాకా. ఐదు అంటే కిటికీకి కూడా పనికిరాదు. తుఫాను పేరు ఎదురుగా గట్టిగా ఒత్తి ఒక అంకె వేసి, సుద్ద అంటిన వేళ్ళు దులుపుకున్నాడు.

తలెత్తేసరికి గేటు దగ్గర నిదానం నిలబడి ఉన్నాడు.

నిదానం అసలు పేరు గోడౌనులో ఎవరికీ గుర్తులేదు. అద్దాల లోడుతో వెళ్ళేటప్పుడు పది కిలోమీటర్లకు ఒకసారి ఆగి, లోడు సర్దుకుంది కదా అని తాళ్ళన్నీ మళ్ళీ బిగించుకునే మనిషి. టైర్లలో గాలి రవ్వంత తగ్గించుకుని బయలుదేరే మనిషి. తొమ్మిదేళ్ళలో రిజిస్టరు చివరి గడిలో ఆయన పేరు ఎదురుగా ఒకటి తప్ప వేరే అంకె పడలేదు. అలాంటివాడు ఇవాళ నడుచుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గోనెసంచి. లారీ లేకుండా చూస్తే మనిషి పొట్టిగా కనిపించాడు.

"ఏమయ్యా, రెండు నెలలైంది నీ మొహం చూసి! బండేది?"

"పక్కన పెట్టానండీ." నిదానం సంచి అరుగు మీద దింపి మూతి విప్పాడు. పాత ట్యూబు కోసి చేసిన రబ్బరు ముక్కలు. అన్నీ కడిగి, ఆరబెట్టి, దొంతరగా పేర్చి ఉన్నాయి. "ఇవి గోడౌనువండీ. నా దగ్గర ఉండిపోయాయి. పదహారు."

"ఉండనీవోయ్, మళ్ళీ ట్రిప్పుకి కావద్దూ?"

నిదానం సంచి మూతి మళ్ళీ కట్టాడు. కట్టి, విప్పి, ఇంకోసారి కట్టాడు.

"నన్ను యాప్‌లోంచి తీసేశారండీ. లోడు రావడం ఎప్పుడో తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. రేటింగు బాగాలేదని మెసేజీ పెట్టారు."

"నీకా? నీకు బాగాలేదా?" గుమాస్తా గొంతు గోడౌను రేకులకు తగిలింది. హమాలీలు ఇటు తిరిగారు. "ఏ కళ్ళు లేనివాడు చూశాడయ్యా నీ పని? ఆ తిక్క సన్నాసులందరికీ లోడ్ల మీద లోడ్లు! నీకు బాగాలేదా?"

నిదానం ఆయన మొహంలోకి ఒక్క క్షణం తేరిపార చూశాడు. తర్వాత చూపు దించుకున్నాడు. "నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందేమోనని, అడుగుదామని వచ్చానండీ. ఆ మధ్య బీరువా అద్దాల ట్రిప్పు వెళ్ళానే... తొమ్మిది అద్దాలు. పార్టీ వాళ్ళేమైనా అన్నారాండీ?"

"ఎవరూ ఏమీ అనలేదు. అనడానికేముంది?"

"ఏమీ అనలేదా?"

"అనలేదంటే వినవేంటయ్యా! ఇది నీ తప్పు కాదు, ఆ ఫోను తప్పు. నువ్వు దారిలో ఆగుతావు చూడు, అది ఆలస్యం అని రాసుకుని ఉంటుంది ముండది. రెండు రోజులు ఆగు. అమ్మాయితో మాట్లాడి నిన్ను మళ్ళీ ఎక్కిస్తాను."

"మీరు పెద్దవారు," అన్నాడు నిదానం. అన్న తీరు కొంచెం వింతగా ఉంది. గుమాస్తాకి అది అప్పుడు తట్టలేదు. రబ్బరు ముక్కల సంచి అరుగు మీదే ఉండిపోయింది.

సాయంత్రం తుఫాను సరుకు చేరిందని ఫోను మోగగానే, గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని, అతనికి తగిన శాస్తి చేసి, ఫోను సొరుగులో పడేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. యజమాని కూతురు ఒక చెవి దగ్గర ఫోను, ఎదురుగా ల్యాప్‌టాపు పెట్టుకుని ఉంది. మంచి పిల్ల. తండ్రి మంచాన పడ్డాక ఇంత గోడౌనూ ఒంటిచేత్తో ఈదుకొస్తోంది. గుమాస్తాని చూసి ఫోను పెట్టేసి కుర్చీ చూపించింది.

"కూర్చోవడానికి రాలేదమ్మా, పోట్లాడటానికి వచ్చాను."

"కూర్చునే పోట్లాడండి బాబాయ్. అలా నిలబడితే నాకు మీరు గెలిచేస్తారని భయం."

ఆయన కూర్చున్నాడు. నిదానం సంగతి మొత్తం చెప్పాడు. లోడు పది కిలోమీటర్లకు సర్దుకుంటుందనీ, అప్పుడు తాడు వదులవుతుందనీ, ఆగి బిగించనివాడు డ్రైవరే కాడనీ, అది తెలియని ఫోను ఎవరి బతుకునైనా ఎలా తూస్తుందనీ బల్ల మీద చెయ్యి కొట్టి మరీ అడిగాడు. ఆమె మధ్యలో ఆపకుండా విని ల్యాప్‌టాపు దగ్గరకు లాక్కుంది.

"ఆలస్యం గురించి ఏమీ లేదు బాబాయ్. రేటింగే."

"ఆ రేటింగు ఇచ్చిన మహానుభావుడెవరో చూడు. వాడి గోడౌనుకే వెళ్ళి అడుగుతాను."

"చూస్తున్నాను." ఆమె వేలు కిందికి జరుపుతూ పోయింది. కొంచెం దూరం పోయాక ఆ వేలు నెమ్మదించింది. "ఇవన్నీ మన ట్రిప్పులే. పద్దెనిమిది. మన దగ్గర నుంచి... అన్నిటికీ ఒకటే."

"అదీ!" గుమాస్తా కుర్చీలోంచి సగం లేచాడు. "అన్నిటికీ ఒకటే! ఒక్కచోటైనా రెండు ఉందా చూడు. ఉండదు. పద్దెనిమిదికి పద్దెనిమిదీ ఒకటి వేశాను. అలాంటివాణ్ణి ఏ నోటితో తీసేశారమ్మా?"

ఆమె తలెత్తి ఆయన వంక చూసింది. బల్ల మీద కాయితాలు ఫ్యాను గాలికి లేస్తుంటే వాటి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబాయ్, ఒకటంటే ఏమనుకుని పెట్టారు మీరు?"

"ఇంకేమనుకుంటాను? ఒకటో రకం."

"అది కాదు బాబాయ్..." ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. "ఐదు పెడితే బాగా చేశాడని. ఒకటి పెడితే... అసలు పనికిరాడని."

గుమాస్తా నవ్వాడు. ఆ పిల్ల తనతో వేళాకోళం ఆడుతోందనుకున్నాడు. "బాగుందమ్మా! పరీక్షలో ఒకటో ర్యాంకు వచ్చినవాడు తప్పినట్టా? ఐదో ర్యాంకు వాడికి దండ వేస్తారా?"

ఆమె నవ్వలేదు. ల్యాప్‌టాపు ఆయన వైపు తిప్పింది. నిదానం ఫొటో ఉంది, నుదుటి మీద చెమటతో, ఎక్కడో గేటు దగ్గర తీసింది. పక్కన ఒక్క పసుపు చుక్క, మిగిలిన నాలుగూ బూడిదరంగు. అద్దంలో బుడగలు లెక్కపెట్టే మనిషికి ఆ నాలుగు ఖాళీలూ ఇన్నాళ్ళూ శుభ్రమైన అద్దంలాగే కనిపించాయి.

అప్పుడు ఆయనకు ఇంకోటి గుర్తొచ్చింది. ఒకటి నొక్కినప్పుడల్లా కింద ఏవో గళ్ళు వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగేవి. నాలుగో ఐదో నొక్కితే అడిగేవి కావు. మంచివాడి గురించి ఇంకా చెప్పమంటోంది కాబోలు, చెప్పేదేముంది అని మూసేసేవాడు.

"ఆ గళ్ళు ఏమడుగుతాయమ్మా?"

"ఏం బాగాలేదో చెప్పమని."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. పోట్లాటకు వచ్చినవాడు ఎవరితో పోట్లాడాలో తెలియక కూర్చున్నాడు.

"తప్పు నాదే బాబాయ్," అంది ఆమె. "ఎటు నుంచి ఎటు లెక్కో నేను చెప్పి ఉండాల్సింది. చెప్పాలని నాకు తట్టనే లేదు."

యాప్ కంపెనీకి అప్పటికప్పుడు ఫోను చేసింది. అటువైపు గొంతు ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఏడు రోజుల లోపైతే మార్చగలమండీ, దాటితే కుదరదండీ. గుమాస్తా ఫోను లాక్కుని తనే చెప్పాడు. పొరపాటున ఇటుది అటు వేశానని, ఆ మనిషంత మంచి డ్రైవరు లేడని, కావాలంటే కాయితం మీద రాసి సంతకం పెడతానని. మీ బాధ అర్థమైందండీ అంది గొంతు. డ్రైవరుకి కూడా అభ్యంతరం చెప్పుకునే వీలుంటుందండీ, ఆయన చెప్పుకుని ఉంటే చూసేవాళ్ళం. పద్దెనిమిదిసార్లలో ఒక్కసారి కూడా చెప్పుకోలేదండీ.

"ఒక్కసారి కూడానా?"

"లేదండీ. కావాలంటే బండి కాయితాలతో మళ్ళీ కొత్తగా చేరమనండి. మీ గోడౌను నుంచి ఉత్తరం ఉంటే మేం పరిశీలిస్తాం."

ఆ మాట ఒక్కటే ఆ రోజంతటికీ ఊపిరి ఇచ్చింది. అమ్మాయి ఉత్తరం కంప్యూటరులో కొట్టింది. గుమాస్తా రెండుసార్లు చదివి, మూడోసారి చదివి, కింద సంతకం చేశాడు. ఇక నిదానానికి చెప్పడమే మిగిలింది.

ఆ చెప్పడమే ఆయన వల్ల కాలేదు. బుధవారం రెండుసార్లు నంబరు నొక్కి, అటు మోగకముందే ఆపేశాడు. మూడోసారి మోగింది. "చెప్పండి గుమాస్తాగారూ," అన్నాడు నిదానం. "ఏం లేదోయ్, చెయ్యి తగిలింది," అని పెట్టేశాడు. పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

గోడౌనులో పని లేనప్పుడల్లా రిజిస్టరు తిరగేశాడు. ఆరు నెలల్లో ఒకటి వేసినవాళ్ళు నిదానం కాక మరో ఐదుగురున్నారు. ఒక్కరూ ఈ మధ్య రావడం లేదు. ఈ ఫోను మంచివాళ్ళను పంపదు, ఏరి ఏరి తిక్కవాళ్ళనే పంపుతుంది అని ఆయన తిట్టని రోజు లేదు. టీ తాగేటప్పుడు హమాలీలతో కలిసి తిట్టాడు, ఇంట్లో తిట్టాడు, చివరికి ఆ ఫోను చేతిలో పట్టుకునే తిట్టాడు. పాపం అది మాత్రం ఆయన చెప్పినట్టే చేసింది.

గురువారం తుఫాను మళ్ళీ వచ్చాడు. ఈసారి అరుగుకు తగలకుండా జానెడు దూరంలో ఆపి, గొప్పగా దిగాడు.

"మీరు నామీద అంత అరిచినా, చుక్కల దగ్గరికొచ్చేసరికి నాలుగు పెట్టారు చూడండి, మీ మనసు వెన్న గుమాస్తాగారూ! మా స్టాండులో అందరికీ చెప్తుంటాను. నోరే గట్టిది, మనిషి బంగారం అని."

గుమాస్తా అద్దాల మధ్య పేపరు సర్దుతూ ఉండిపోయాడు. నిదానం తెచ్చిన రబ్బరు ముక్కలు చూసి తుఫాను గుర్తుపట్టాడు.

"ఇవి నిదానం అన్నవి కదూ? ఎంత బాగా కోస్తాడో. పాపం, ఇప్పుడు లారీ కాటా దగ్గర కూర్చుంటున్నాడండీ. బండ్లు తూస్తూ. ఆ చేతులు అక్కడ కూర్చోవాల్సినవి కావు."

ఆ మాట అన్నవాడు తుఫాను కాబట్టి గుమాస్తాకి ఇంకా గట్టిగా తగిలింది.

సాయంత్రం ఇంట్లో ఆయన భార్య బీన్స్ తుంచుతూ కూర్చుంది. ఆయన మంగళవారమే సంగతంతా ఆమెకు చెప్పాడు. అప్పటి నుంచి ఆమె ఏమీ అనకుండా, ఆయన కంచంలో మిగిల్చేది మాత్రం చూస్తోంది.

"అమ్మాయికి చెప్పారు, కంపెనీకి చెప్పారు, నాకు చెప్పారు," అంది. "ఆ మనిషికి ఎప్పుడు చెప్తారు?"

"రేపు."

"మంగళవారం కూడా రేపే అన్నారు."

"ఏమని చెప్పనే? నీ పొట్ట కొట్టినవాణ్ణి నేనే అని చెప్పనా? తొమ్మిదేళ్ళు నన్ను చూసి నిలబడి నమస్కారం పెట్టిన మనిషికి?"

"అలాగే చెప్పండి. ఇంకోలా చెప్తే మీకు నోరు తిరగదు." ఆమె గిన్నె తీసుకుని లేచింది. "ఫోనులో కాదు. వెళ్ళి చెప్పండి."

ఆదివారం పదిగంటలకు గుమాస్తా రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని బయలుదేరాడు. రిజిస్టరు గోడౌను దాటి బయటికి రావడం అదే మొదటిసారి.

కాటా ఊరి చివర మలుపులో ఉంది. రోడ్డుకు సమంగా పరిచిన పెద్ద ఇనుప బల్ల, పక్కన అద్దాల కిటికీతో చిన్న గది. కిటికీ పైన ఎర్ర అంకెలు. లారీ బల్ల మీదికి ఎక్కగానే అంకెలు గబగబా మారతాయి. అవి నిలబడేదాకా ఆగి, మీట నొక్కి, చీటీ చించి ఇవ్వాలి. పని అంతే. నిదానం ఇనుప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గుమాస్తాని చూసి అలవాటుగా లేచి నిలబడ్డాడు.

"మీరెందుకండీ ఇంత దూరం! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా."

"కూర్చో. ముందు నువ్వు కూర్చో."

ఉన్నది ఒకటే కుర్చీ. నిదానం దాన్ని ఆయనకు జరిపి, తను కాయితం చుట్టల పెట్టె మీద కూర్చున్నాడు. గుమాస్తా రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. అప్పుడే ఇసుక లారీ ఒకటి కాటా ఎక్కింది. నిదానం లేచి కిటికీలోంచి డ్రైవరుని దిగమని చెయ్యి ఊపాడు. మనిషి దిగాడు. అంకెలు ఊగి, ఊగి, నిలబడ్డాయి. అప్పుడు మీట నొక్కి చీటీ ఇచ్చి, మళ్ళీ వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు.

"నీకు ఆ చుక్కలు పెట్టింది నేనే," అన్నాడు గుమాస్తా.

"తెలుసండీ."

"తెలుసా?"

"ఎవరు పెట్టారో చూపిస్తుందిగా. మొదటి ట్రిప్పుకే చూశాను."

గుమాస్తా ఐదు రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "తెలిసీ... తెలిసి నన్ను అడగలేదే? నాలుగు తిట్లు తిట్టలేదే?"

"అడిగానండీ, ఆ రోజు. ఎవరూ ఏమీ అనలేదన్నారు. పదిమందిలో నా పరువు తీయడం ఇష్టంలేక అలా అంటున్నారనుకున్నాను." నిదానం అరచేతులు చూసుకున్నాడు. "అభ్యంతరం చెప్పుకోవడానికి బొత్తం కూడా ఉందండీ. చాలాసార్లు నొక్కబోయాను. ఏమని నొక్కను? మీరు వేశారంటే ఊరికే వేయరు."

"ఊరికే వేయకపోవడమేంటయ్యా? ఏం చేశావని?"

నిదానం లేచి కిటికీ తలుపు దగ్గరికి వేశాడు. బయట ఎవరూ లేరు.

"బీరువా అద్దాల ట్రిప్పు. మొదటి చుక్క దానికే పడింది. ఆ రోజు మా ఆవిడకు జ్వరం, త్వరగా ఇంటికి చేరాలని నేను దారిలో ఆగలేదండీ. తాడు బిగించలేదు. దింపేటప్పుడు చూస్తే ఒకదాని మూల లేచిపోయింది. గోరంత. బీరువా చట్రంలో బిగిస్తే కనబడదు. అందుకని పార్టీకి చెప్పలేదు. మీకూ చెప్పలేదు." "మీకు తెలిసిపోయిందనుకున్నాను. మీరు అద్దం తట్టకుండానే చెప్పగలరు కదా. తర్వాత ప్రతి ట్రిప్పుకీ ఒకటే పడుతుంటే, నేను నోరు విప్పి ఒప్పుకునేదాకా ఇంతే అని చెప్తున్నారనుకున్నాను. చెబుదామని వచ్చి, చెప్పలేక ఆ రబ్బరు ముక్కలు ఇచ్చి పోయాను."

ఆ అద్దం సంగతి గుమాస్తాకి ఏమీ తెలియదు. ఈ మనిషి ఒక గోరంత పెచ్చుకి పద్దెనిమిది శిక్షలు అనుభవించాడు, అవి న్యాయమైనవే అనుకుంటూ.

"నాకేమీ తెలియదయ్యా," అన్నాడు. "నేను చూడనే లేదు. ఒకటంటే..." రిజిస్టరు తెరిచాడు. వేలితో చివరి గడి చూపించుకుంటూ పేజీలు తిప్పాడు. "ఇదిగో, ఇది చూడు. ఇది నీ పేరు. ఇది నీ పేరు. ఒకటి. ఒకటి. ఇక్కడ ఒకటంటే ఏంటి? ఒకటో రకం. అక్కడా అదే అనుకుని నొక్కాను. అక్కడ తల్లకిందులట. నాకు తెలియదు. బుద్ధిలేనివాణ్ణి, ఎవర్నీ అడగలేదు."

నిదానం రిజిస్టరు మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. తొమ్మిదేళ్ళలో ఆ గడి ఆయన చూడటం ఇదే మొదలు. గుమాస్తా రకాలు ఎవరికీ చూపించేవాడు కాదు.

"అన్నీ ఒకటేనా?"

"అన్నీ ఒకటే."

ఇంకో లారీ వచ్చింది. నిదానం లేచి తూచి, చీటీ ఇచ్చి వచ్చాడు. ఆలోపు గుమాస్తా జేబులోంచి ఉత్తరం తీశాడు. "నీ బండి కాయితాలతో ఇది పెడితే మళ్ళీ చేర్చుకుంటామన్నారు. అమ్మాయి కూడా మాట్లాడుతుంది. రేపే వెళ్దాం."

నిదానం ఉత్తరం చదివి, మడతల మీదే మడిచి తిరిగి ఇచ్చాడు. "బండి లేదుగా గుమాస్తాగారూ. ఇచ్చేశాను. నేను మీ దగ్గరికి వచ్చేముందు శనివారం."

"ఆ రోజు పక్కన పెట్టానన్నావు?"

"అమ్మేశానని అనడానికి నోరు రాలేదండీ."

గుమాస్తాకి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకుంటే మళ్ళీ తడిసింది. ఫోనునో కంపెనీనో ఇంకెవరినో తిట్టుకునే వీలు లేకుండా పోయింది ఆయనకు.

నిదానం ఆయన్ని ఊరుకోబెట్టలేదు. రిజిస్టరు తన ఒళ్ళోకి తీసుకుని, వెతికి వెతికి ఒక పేజీ దగ్గర ఆగాడు. బీరువా అద్దాలు, తొమ్మిది. చివరి గడిలో ఒకటి.

"ఇప్పుడు చెప్పండి. ఆ పెచ్చు సంగతి తెలిసుంటే ఇక్కడ ఎంత వేసేవారు?"

గుమాస్తా ఒకటే అని ఉండవచ్చు. ఆ పూట అలా అనడమే మర్యాద. కానీ ముప్ఫై ఏళ్ళు ఆ గడిలో ఆయన ఎవరి మొహమూ చూసి అంకె వేయలేదు. మూల లేచింది, తాడు బిగించలేదు, పైగా చెప్పలేదు. లోలోపల తూచుకున్నాడు.

"రెండు," అన్నాడు. "రెండు వేసేవాణ్ణి."

"రెండేనా? మూడు కాదూ?"

"మూడు కాదు. రెండే."

నిదానం మొహం తేటపడింది. సోమవారం నుంచి, కాదు, అంతకు చాలాముందు నుంచి ఆ మొహంలో ఉన్నదేదో దిగిపోయింది. "అయితే దిద్దండి," అంటూ రిజిస్టరు ఆయన ముందుకు జరిపాడు.

"ఇప్పుడెందుకయ్యా? దీన్నిప్పుడు చూసేవాడెవడు?"

"నాకు అది అలా ఉండటం బాగాలేదండీ. దిద్దండి."

గుమాస్తా కలం తీశాడు. ఒకటి మీద అడ్డంగా ఒక్క గీత గీసి, పక్కన రెండు వేశాడు. కొట్టివేతకు సంతకం ఉండాలి కాబట్టి పొట్టి సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాడు. దిద్దాల్సిన పద్దెనిమిదీ అందనంత దూరంలో ఉండిపోయాయి. చేతికి అందింది ఇదొక్కటే, అది కూడా ఒక మెట్టు తగ్గించడం. నిదానం వంగి చూసి, సరిగ్గానే ఉందన్నట్టు తలూపాడు.

బయట హారన్ మోగింది. నిండా లోడుతో ఒక లారీ కాటా ఎక్కుతోంది. నిదానం లేచి, డ్రైవరుని దిగమని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అంకెలు ఊగుతున్నాయి. అవి నిలబడేదాకా ఇద్దరూ వాటి వంకే చూస్తూ ఉన్నారు.